వేపపూత, పానకం, పెద్దమ్మవారు: తెలుగింటి వసంతం వెనుక కథ

ఫాల్గుణం చివరి వారం వచ్చిందంటే మన ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులు ఆరు రకాల రుగ్మతలను హరిస్తాయని, వేపపువ్వు మశూచి మొదలుకొని కరోనా దాకా అన్నింటినీ అడ్డుకుంటుందని, ఇదంతా మన పూర్వులకు వేల ఏళ్ళ కిందటే తెలుసునని దాని సారాంశం. దానికి బదులుగా మరొక సందేశం కూడా వస్తుంది. ఇవన్నీ మూఢాచారాలని, ఇందులో ఏమీ లేదని అది కొట్టిపారేస్తుంది. ఏళ్ళ తరబడి ఈ రెండింటినీ చదువుతున్నాను. రెండూ చరిత్రను పక్కన పెట్టి చెప్పే మాటలే. తెలుగింటి వసంతకాలపు అలవాట్లలో కొన్ని పంటల వల్ల పుట్టాయి, కొన్ని ఎండ వల్ల పుట్టాయి, కొన్ని భయం వల్ల పుట్టాయి. పంటలు, ఎండ ఇంకా మన కళ్ళ ముందే ఉన్నాయి. భయం మాత్రం పోయింది. అది ఎలా పోయిందో మరచిపోయాం గనుకనే ఆ ఖ్యాతిని వేపచెట్టుకు కట్టబెడుతున్నాం.

మొదట పంటల మాట. సంక్రాంతి దాటాక చెరకు గానుగలు ఆడి, మాఘ ఫాల్గుణాల నాటికి కొత్త బెల్లం ఇంటికి చేరుతుంది. అదే సమయంలో చింతచెట్లు దులుపుతారు. ఇంటి ఆడవాళ్ళు మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని చింతపండు పెంకు తీసి, ఈనెలు లాగి, గింజలు కొట్టి, ఉప్పు అద్ది జాడీల్లో అదుముతారు. సముద్రతీరపు ఉప్పుమళ్ళలో కొత్త ఉప్పు తేరేదీ ఈ పొడి నెలల్లోనే. మామిడి పిందె కాస్త ముదిరి, టెంక కట్టీ కట్టని దశలో ఉంటుంది. వేప ఆకు రాల్చి, చిగురు తొడిగి, పూత పూస్తుంది. ఇవన్నీ కలిసివచ్చేది చైత్ర శుద్ధ పాడ్యమి ముందూ వెనుకా ఉన్న ఆ మూడు నాలుగు వారాలే. ఏడాదికి సరిపడా ఇంట్లో నిల్వచేసుకునే సరుకు మొదటిసారి నాలుక మీదికి వచ్చే రోజు ఉగాది. పచ్చడి మందు కాకముందు కొత్త పంటను రుచి చూసే పదార్థం అని నా అభిప్రాయం.

ఇందుకు ఒక చిన్న ఆధారం ఉంది. పచ్చడి తినేటప్పుడు చదివే సంస్కృత శ్లోకాన్ని శ్రద్ధగా వింటే, అందులో ఉన్నది లేత వేపచిగురు తినడం గురించి మాత్రమే. దాని ఫలంగా నూరేళ్ళ ఆయువు, వజ్రంలాంటి దేహం, సంపద కోరుకుంటారు. ఆరు రుచుల ప్రసక్తి ఆ శ్లోకంలో లేదు. మన ఇరుగుపొరుగును చూసినా ఇదే కనిపిస్తుంది. కన్నడిగులు యుగాది నాడు తినేది బేవు బెల్ల, అంటే వేప, బెల్లం. మరాఠీలు గుడి పాడ్వా నాడు వేపాకును బెల్లం వంటి వాటితో నూరి తింటారు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నది చేదు, తీపి. ఆ రెండింటి చుట్టూ పులుపు, ఉప్పు, కారం, వగరు చేర్చి ఒక గిన్నెడు పచ్చడిగా పెంచుకున్నది తెలుగువారు. రుచి విషయంలో మనం రెండింటితో సరిపెట్టుకునేవాళ్ళం కాము గదా!

ఉగాది పచ్చడిని ఆయుర్వేదం చెప్పిందనే మాట తరచుగా వినిపిస్తుంది. చరక సంహిత సూత్రస్థానంలోని 6వ అధ్యాయం ఋతుచర్యను వివరిస్తుంది. వసంతం గురించి చరకుడు చెప్పినది ఇది: హేమంతంలో దేహంలో పేరుకున్న కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుంది, కాబట్టి ఈ కాలంలో గురువైన ఆహారం, నూనె నేతుల జిడ్డు, పులుపు, తీపి విడిచిపెట్టాలి, పగటినిద్ర కూడదు, వ్యాయామం చేయాలి. పులుపు, తీపి వద్దన్న ఆ గ్రంథాన్ని, కొత్త చింతపండు, కొత్త బెల్లం ప్రధానమైన పచ్చడికి ప్రమాణంగా చూపడం చరకుణ్ణి చదవకుండా ఆయన పేరు వాడుకోవడమే. ఆ రెండింటికీ దేని గౌరవం దానికుంది. ఒకటి వైద్యగ్రంథం, మరొకటి పండుగ. పండుగకు వైద్యుడి చీటీ అక్కరలేదు.

ఇక కారం. పచ్చడిలో మనం వేసే పచ్చిమిరపకాయ ముక్క భారతదేశానికి వచ్చి అయిదు వందల ఏళ్ళు మాత్రమే అయింది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ 1492లో అక్కడికి చేరిన తర్వాతే అది మిగతా ప్రపంచానికి తెలిసింది. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు. ఆ వెనుక వచ్చిన పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దంలో మిరప మన పశ్చిమతీరంలో దిగింది. అంతకు ముందు తెలుగువారి కారం మిరియం, పిప్పలి, శొంఠి, ఆవాలు. కొత్తగా వచ్చిన కాయకు పాత మిరియం పేరునే కాస్త మార్చి తగిలించుకున్నారు.

దీనికి మన సాహిత్యంలోనే మంచి సాక్ష్యం ఉంది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏ భోజనం పెట్టేవాడో వరసగా మూడు పద్యాల్లో వర్ణించాడు. చలికాలపు విందులో మిరియపు పొడి తగిలించిన కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్ళు ఉన్నాయి. మిరపకాయ లేదు, ఉండే వీలూ లేదు. శ్రీనాథుడూ పెద్దనా ఎరుగని రుచి అది. ఈ రోజు గుంటూరు పేరు చెబితే ముందు మిరపే గుర్తుకొస్తుంది. నాలుగైదు శతాబ్దాల్లో ఒక పరదేశి మొక్క ఇంత ఇంటిదైపోయింది. కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ ఉగాది పచ్చడిలో మిరపకు బదులు మిరియాల పొడే వేస్తారు. వారి పచ్చడి పాత లెక్కకు దగ్గర.

వైద్యుడిగా ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తున్నది. శరీరశాస్త్రం లెక్కలో కారం రుచి కానే కాదు. నాలుక మీది రుచిమొగ్గలు గుర్తించేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటితోబాటు జపాను శాస్త్రవేత్త ఇకెదా 1908లో గుర్తించిన ఉమామి. మిరపలోని కాప్సైసిన్ తాకేది వేడిని, మంటను గుర్తించే నాడీగ్రాహకాన్ని. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. వగరు కూడా నోటి లోపలి పొర ముడుచుకున్నట్లు అనిపించే స్పర్శ మాత్రమే. అంటే షడ్రుచుల్లో రెండు నిజానికి స్పర్శలు. పచ్చడికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు.

ఆముక్తమాల్యదలోని ఆ వరసలోనే వేసవి భోజనం కూడా ఉంది. అందులోని పదార్థాలు చదివితే ఆహారనిపుణుడు రాసిచ్చిన పట్టికలా ఉంటుంది: నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్ళు, పండ్లు, పరిమళం కలిపిన చన్నీళ్ళు, నీళ్ళ మజ్జిగ, ఊరగాయలు, ఒంటికి చందనం. దాదాపు ప్రతి పదార్థంలోనూ నీరుంది. ఊరగాయలో ఉప్పుంది. అందులోని వడపిందెలు సైతం ఎండకు వడలిన పిందెలను ఉప్పులో ఊరవేసినవే. చెమటలో పోయేవి నీరు, ఉప్పు. ఆ పూట విస్తరిలో తిరిగి చేరేవీ అవే. దీని వెనుక శాస్త్ర పరిశోధన ఉందని నేను అనను. ఎండలో తిరిగి వచ్చినవాడికి ఏది తింటే ప్రాణం లేచివస్తుందో తరతరాలుగా గమనించి నేర్చుకున్నారు. అనుభవం కూడా ఒక జ్ఞానమే, దాని హద్దులు తెలిసి వాడుకున్నంతవరకు.

ఆ హద్దులకు పానకం మంచి ఉదాహరణ. శ్రీరామనవమి నాడు వీధి పందిట్లో బెల్లం కరిగించి, మిరియాలు, యాలకులు దంచి కలిపిన పానకం, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు పంచని తెలుగు ఊరు లేదు. మంగళగిరి కొండ మీది పానకాల నరసింహస్వామికైతే ఏడాది పొడుగునా పానకమే నైవేద్యం. ఎండన పడి వచ్చినవాడికి గ్లాసెడు పానకం హాయినిస్తుంది, సందేహం లేదు. కానీ వాంతులు విరేచనాలతో నీరసించినవాడికి పానకం చాలదు, ఎందుకంటే అందులో ఉప్పు దాదాపు లేదు. చిన్నపేగు గోడ చక్కెరను, సోడియాన్ని జంటగా లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు వెళుతుంది. 1960లలో శాస్త్రం తేల్చిన ఈ సంగతి ఆధారంగానే 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు అయిపోతున్న స్థితిలో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి తాగించి కలరా రోగులను బతికించాడు. ఈనాటి ఓఆర్ఎస్ పొట్లానికి ప్రపంచమంతటా గౌరవం తెచ్చిన సంఘటనల్లో అది ముఖ్యమైనది. పానకానికి చిటికెడు ఉప్పు దూరంలో ఉన్న ఈ మందు కోసం లోకం 20వ శతాబ్దపు రెండో సగం దాకా ఆగవలసి వచ్చింది. ఇక్కడే మధుమేహం ఉన్న పాఠకులకు ఒక మనవి: బెల్లం కూడా చక్కెరే. ప్రసాదంగా ఒక ఉద్ధరిణెడు చాలు.

ఇంటిని చల్లబరచుకునే ఉపాయాలు ఇంకో ముచ్చట. ముంగిట తాటాకు పందిరి, గుమ్మానికి వట్టివేళ్ళ తడిక, దాని మీద గంటకోసారి చిలకరించే నీళ్ళు, మూలన ఇసుక మీద కూర్చోబెట్టిన మట్టికుండ, చేతిలో తాటాకు విసనకర్ర, రాత్రి ఆరుబయట నులకమంచం. కుండ చెమర్చి నీళ్ళు చల్లబడడం, తడిక గాలిని చల్లబరచడం, మన ఒంటికి చెమట పట్టి ఆరడం మూడూ ఒకే సూత్రం: ఆవిరయ్యే నీరు వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉన్నచోటే ఇది బాగా పనిచేస్తుంది. కర్నూలులోనో మహబూబ్‌నగర్‌లోనో వట్టివేళ్ళ తడిక ఇచ్చే సుఖం కాకినాడలో ఇవ్వదు. సముద్రతీరంలో నలభై డిగ్రీలు లేకున్నా వడదెబ్బ తగలడానికి కారణం ఇదే.

చలివేంద్రం మాత్రం ఇంటి గడప దాటి వీధిలోకి వచ్చిన వసంతం. ఎండలు మొదలుకాగానే కూడలిలో పందిరి వేసి, కుండలు పెట్టి, బాటసారులకు నీళ్ళు, మజ్జిగ పోయడం పుణ్యకార్యంగా చాలా పూర్వకాలం నుంచి ఉంది. సంస్కృతంలో దీన్నే ప్రప అన్నారు. దోసిలి పట్టినవారికి పైనుంచి ధార పోసే పద్ధతిలో పరిశుభ్రత ఉందని ఈమధ్య కొందరు మెచ్చుకుంటున్నారు. తాగేవాడి నోరు కుండకు తగలకపోవడం మంచిదే, కాదనను. అయితే ఆ పద్ధతి వచ్చింది క్రిముల భయంతో కాదు. ఎవరు ఎంత దూరంలో నిలబడి తాగాలన్నది కులం నిర్ణయించేది. కొందరికి వెదురు గొట్టంలోంచి నీళ్ళు వదిలేవారు. అంబేడ్కర్ నాయకత్వాన దళితులు మహాడ్‌లోని చవదార్ చెరువు నీళ్ళు తాగినది 1927 మార్చి 20న, సరిగ్గా ఈ ఋతువులోనే. మన పండుగల ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు ఇది వదిలేస్తే చరిత్ర సగమే అవుతుంది.

ఇప్పుడు భయం దగ్గరకు వస్తాను. వసంతమంటే కోయిల, మామిడిచిగురు, మల్లెలు అని కవులు చెప్పారు. ఇళ్ళల్లోని తల్లులకు వసంతమంటే మరొకటి కూడా. బెంగాలీ భాషలో మశూచి వ్యాధికి వాడుకపేరే వసంతం. ఋతువు పేరు, రోగం పేరు ఒకటే! తెలుగులో ఆ పేరు ఎత్తేవారే కాదు. 'అమ్మవారు పోసింది' అనేవారు. మశూచి పెద్దమ్మవారు, తట్టు చిన్నమ్మవారు, ఇప్పటికీ మనకు తెలిసిన ఆటలమ్మ మూడవది. ఒంటి మీది పొక్కులు ముత్యాలు, ఆమె ముత్యాలమ్మ. నెల్లూరు మొదలైన చోట్ల పోలేరమ్మను మశూచి తల్లిగానే కొలిచేవారు. ఎండాకాలపు గ్రామదేవతల జాతరలు ఎన్నింటికో వెనుక ఈ భయముంది.

మన దేశంలో మశూచి వానాకాలంలో బాగా తగ్గి, చలికాలం నుంచి పుంజుకుని, మార్చి నుంచి మే వరకు తీవ్రంగా ఉండేది. గాలిలో తేమ తక్కువైన నెలల్లో ఆ వైరస్ ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా కోతలు అయిపోయి, చేతిలో డబ్బాడి, పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు జనం ఊళ్ళు తిరిగే కాలం కూడా ఇదే. సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు చనిపోయేవారు. బతికినవారికి ముఖమంతా స్ఫోటకపు మచ్చలు, కొందరికి చూపు పోయేది. 20వ శతాబ్దంలోనే ప్రపంచంలో దాదాపు 30 కోట్లమందిని ఈ వ్యాధి బలిగొన్నదని అంచనా. పిల్లలకు అమ్మవారు పోసి వెళ్ళేవరకు వారిని బిడ్డలుగా లెక్కపెట్టుకోవడానికి తల్లులు జంకిన కాలం అది.

అలాంటి ఇంట్లో వేప ఏం చేసింది? గుమ్మానికి వేపమండలు కట్టేవారు. రోగిని వేపాకు మీద పడుకోబెట్టి, దురద పెడితే గోళ్ళతో గీరకుండా వేపమండతో నిమిరేవారు. ఇంట్లో తాలింపు వేయరు, పరాయివారిని రానివ్వరు, చప్పిడి అన్నం, చల్లని పదార్థాలు పెడతారు. పొక్కులు మాడి పెచ్చులు రాలాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో స్నానం చేయిస్తారు. వైద్యదృష్టితో ఒక్కొక్కటే తూచి చూస్తే ఇలా ఉంటుంది. గుమ్మానికి కట్టిన వేపమండ ఈ ఇంట్లోకి రావద్దనే ప్రకటన. ఆ మేరకు అది మంచి పని చేసింది. పెచ్చులు రాలే వరకు మశూచి రోగి నుంచి వ్యాధి సోకుతుంది గనుక, స్నానం దాకా రోగిని వేరుగా ఉంచడం సరైన గడువే. గీరకుండా చూడడం, పలుచని ఆహారం ఇవ్వడం మంచి పరిచర్య. కానీ రోగం రాకుండా గాని, వచ్చినది తగ్గేలా గాని వేప చేసినది ఏమీ లేదు. చేసి ఉంటే, ఏటేటా వేపపూత తిన్న దేశంలో మశూచి అన్ని శతాబ్దాలు ఉండేది కాదు. రోగం పెచ్చుమీరినప్పుడు తల్లిని శాంతింపజేయడానికి జాతర పెట్టి, నాలుగు ఊళ్ళ జనాన్ని ఒకచోట చేర్చడం మటుకు నిప్పుకు గాలి విసరడమే అయింది.

మన దేశంలో ఈ వ్యాధికి నిజమైన ప్రతిఘటన కూడా ఉండేది. బెంగాల్‌లో టీకాదార్లు పాత పొక్కుల రసాన్ని దూదిలో భద్రపరచి, మరుసటి ఏడు ఆరోగ్యవంతుల ముంజేతి మీద చిన్న గాటు పెట్టి అంటించేవారు. ఆ పద్ధతిని హాల్వెల్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1767లో లండన్ వైద్యులకు వివరంగా నివేదించాడు. టీకాదార్లు బయలుదేరేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అంటే అసలు వ్యాధి విజృంభించకముందు. టీకా వేయించుకోదలచినవారు నెలరోజులు చేపలు, పాలు, నెయ్యి మానాలి. ఇది పొక్కుల్లోని అసలు మశూచినే ఎక్కించడం కనుక కొందరికి ప్రాణాపాయం కలిగేది, వారి నుంచి ఇతరులకు సోకే ప్రమాదమూ ఉండేది. అయినా సహజంగా వచ్చే మశూచితో పోలిస్తే మరణాలు చాలా తక్కువ. పూర్వుల విజ్ఞానం గురించి గర్వపడదలిస్తే వేపపువ్వు కంటే దీని గురించి గర్వపడడం న్యాయం.

ఆవు మశూచి పొక్కుల రసంతో మనిషికి రక్షణ కలుగుతుందని ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో నిరూపించాడు. ఆ టీకా చేతి నుంచి చేతికి, బిడ్డ నుంచి బిడ్డకు ఎక్కుతూ బాగ్దాద్, బస్రాల మీదుగా బొంబాయి చేరి 1802 జూన్ 14న ఒక మూడేళ్ళ పాప చేతి మీద ఫలించింది. ఆ ఏడాదిలోనే మద్రాసు, కలకత్తా చేరింది. చేరడం వేరు, జనం ఒప్పుకోవడం వేరు. టీకా వేసిన బిడ్డను ఎనిమిదో రోజున మళ్ళీ తీసుకువస్తే ఆ పొక్కు చిదిపి మరో బిడ్డకు వేసేవారు. ఏ కులం బిడ్డ రసం ఏ కులం బిడ్డకు ఎక్కిందోనన్న బెదురు, తల్లికి కోపం వస్తుందన్న భయం, దొరల మీద అపనమ్మకం అన్నీ కలిసి అడ్డుపడ్డాయి. ఎండ కూడా అడ్డుపడింది. టీకారసం వేడికి కొద్దిరోజుల్లోనే నిర్వీర్యమైపోయేది. కాబట్టి దేశంలో చాలాచోట్ల టీకాలు చలికాలంలో వేసి, ఎండలు ముదరగానే ఆపేసేవారు. మశూచి రెచ్చిపోయే నెలల్లోనే టీకాసంచి మూలన పడేది. పొడిగా మార్చి నిల్వచేసే టీకా 1950లలో రూపొందిన తరువాతగాని ఈ చిక్కు వీడలేదు. మన దేశంలో ఆ పొడిటీకా తయారుచేసిన నాలుగు సంస్థల్లో హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ మరొకటి.

జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. అందరికీ టీకాలు వేస్తూ పోవడంతో పని పూర్తికాలేదు. ఉత్తరాన 1974లో వచ్చిన మహమ్మారిలో దేశం మొత్తం మీద 1,88,000 మందికి మశూచి సోకి, 31,000 మందికి పైగా మరణించారు. బీహారులో ఆ ఏడాది పరిస్థితి భయంకరం. దక్షిణాది అప్పటికే చాలావరకు బయటపడింది. గెలిపించిన ఉపాయం ఇంటింటికీ తిరిగి రోగిని వెతకడం, దొరికినవెంటనే ఆ చుట్టుపట్ల వారందరికీ రెండు మొనల సూదితో టీకా వేసి వ్యాధిని అక్కడికక్కడే కట్టడి చేయడం. ఆరోగ్య కార్యకర్తలు పొక్కులతో ఉన్న బిడ్డ బొమ్మ ముద్రించిన అట్టముక్క పట్టుకుని సంతల్లో, బడుల్లో, గడపగడపకూ వెళ్ళి 'ఇలాంటివారు ఎవరైనా ఉన్నారా?' అని అడిగారు. చివరికి మశూచి రోగిని చూపినవారికి 1000 రూపాయల బహుమానం ప్రకటించారు. 1975 మే నెలలో భారతదేశపు చివరి మశూచి రోగిని గుర్తించారు. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం దేశాన్ని మశూచి రహితంగా నిర్ధారించింది. ప్రపంచం నుంచి మశూచి తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే 8న ప్రకటించింది. అన్నీ వేసవి మొదటి నెలలే కావడం యాదృచ్ఛికం, కానీ తలచుకుంటే సంతోషంగా ఉంటుంది.

మశూచిని ఆటలమ్మ నుంచి వేరుచేసి గుర్తుపట్టడం పరీక్షల కోసం వల్లెవేసిన చివరి వైద్యవిద్యార్థుల తరం మాది. మశూచి పొక్కులు ముఖం, కాళ్ళు చేతుల మీద ఎక్కువ, అరచేతుల్లో సైతం వస్తాయి, అన్నీ ఒకే దశలో ఉంటాయి. ఆటలమ్మ పొక్కులు ఛాతీ, వీపు మీద ఎక్కువ, ఒకచోట చిన్న పొక్కు, పక్కనే నీటిబుడగ, దాని పక్కన మాడిన పెచ్చు కలగలిసి ఉంటాయి. తరువాతి తరాలకు ఈ పాఠం పుస్తకంలో మిగిలిపోయింది.

అయితే పెద్దమ్మవారు వెళ్ళిపోయినా ఆమె కోసం ఏర్పడిన అలవాటు ఇళ్ళల్లో ఉండిపోయింది. ఆందోళన కలిగించేది ఇదే. తట్టు, ఆటలమ్మ నేటికీ చలి వెనకబట్టే ఈ నెలల్లోనే ఎక్కువగా వస్తాయి. బిడ్డ ఒంటి మీద ఎర్రని దద్దు కనబడగానే 'అమ్మవారు, మందులు వాడకూడదు' అని వేపమండలు కట్టి కూర్చునే ఇళ్ళు ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన ఏళ్ళల్లో తట్టు వచ్చిన పిల్లలను అయిదోనాడో ఆరోనాడో ఎగఊపిరితో తీసుకురావడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తట్టు దద్దుతో చంపదు. దాని వెంట వచ్చే న్యుమోనియా, విరేచనాలు, మెదడువాపు చంపుతాయి. విటమిన్ ఏ లోపించిన పిల్లలకు కంటిచూపు పోతుంది. ఆసుపత్రికి తీసుకువెళ్తే వరసగా రెండురోజులు విటమిన్ ఏ మోతాదు ఇస్తారు, ఊపిరి వేగం చూస్తారు. గుమ్మానికి వేపమండ కట్టుకోండి, అభ్యంతరం లేదు. బిడ్డను మటుకు వైద్యుడికి చూపించండి. 9 నెలలు నిండగానే ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి వేసే తట్టు, రుబెల్లా టీకా ప్రతి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలోనూ ఉచితం. ఆటలమ్మ పెద్దలకు, గర్భిణులకు వస్తే తేలికగా తీసుకోరాదు. ఆ జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. మరొక్క మాట: పచ్చడిలో చిటికెడు వేపపువ్వు ఎవరికీ హాని చేయదు గాని, వేపనూనె పసిబిడ్డల నోట్లో పోయడం ప్రమాదం, దానివల్ల మూర్ఛలు వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిన్న పిల్లల ఉదంతాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి.

పండుగ పూట ఇంటికి చేరిన పెద్దల చేతులు ఒకసారి పరిశీలించండి. 1970లకు ముందు పుట్టినవారి చేతి మీద పావలా బిళ్ళంత గుండ్రని మచ్చలు కొందరికి ఒకటి, కొందరికి రెండు కనిపిస్తాయి. మధ్యలో లోతుగా, అంచుల దాకా సన్నని గీతలతో ఉంటాయి. తరువాత పుట్టినవారి ఎడమ భుజాన ఉండే చిన్న మచ్చ క్షయ నివారణకు వేసే బీసీజీ టీకాది. ఆ పెద్ద మచ్చ మనవలకు లేదు. అది ఏమిటని వారు అడిగితే, పచ్చడి గిన్నె ముందు కూర్చోబెట్టుకుని చెప్పడానికి ఉగాది పొద్దున్నే మంచి సమయం.